ఉప్పు బెల్లం

మొన్న కొన్న బెల్లం ముక్కలో ఉప్పదనం తగిలి, ఈ వయసులోనూ గుండె ఝల్లుమంది.

నలభై ఏళ్లు దాటాక నాన్న అనకాపల్లి బెల్లం కొట్టులో పని మానేసి, అచ్యుతాపురం వైపు బీడు కొన్నాడు. అక్కడే పాక వేసి, నుయ్యి తవ్వి, చెరకు నాటాడు. చిన్నపిల్లగా నాకు ఆ చోటంటే భయం. పొద్దు వాలితే చాలు, తోటలో నక్కలు కూసేవి.

మొదటి పంట గానుగాడిన రోజు, పెనం కింద మంట ఎగదోస్తూ నాన్న అమ్మతో అన్నాడు.

"బెల్లం గట్టిగా కడితే ఇక్కడే ఉండిపోదాం. నేకపోతే ఎల్లిపోదాం."

ఆయన చేతులు వణుకుతున్నాయి. ఎప్పటికీ ఇక్కడేనా అని నాకు ఏడుపొచ్చింది. రసం కుండ మీద వంగి ఏడ్చాను. కన్నీళ్లు అందులో రాలాయి.

పాకం ఎంత కాచినా ముద్ద కట్టలేదు. సాయానికొచ్చిన పక్క పొలం మామ వేలికి అద్దుకుని నాకి చూశాడు.

"బావా, ఇది సంతకి కాదు, ఊరగాయకి పనికొత్తాది!"

నాన్న నవ్వలేదు. తనూ నాకి, "ఉప్పే" అన్నాడు.

నా కన్నీళ్లే! నాన్నకు తెలిస్తే?

"ఎల్లిపోదామయ్యా, నేల ఒప్పుకోనేదు," అంది అమ్మ.

తిరుగు బండిలో, నిజం బయటపడుతుందని నేను నోరు విప్పలేదు.

ఆ నూతి నీళ్లు మేం ఒక్కనాడూ తాగలేదని పెద్దయ్యాక తట్టింది. తాగడానికి అమ్మ పక్క ఊరి నీళ్లే మోసుకొచ్చేది. చెరకును మాత్రం ఆ నూతితోనే తడిపారు. మంట దగ్గర నాన్న చేతులు ఎందుకు వణికాయో అప్పుడు తెలిసింది.