తంతి అందని గాలివాన

వాతావరణం పిచ్చితో కొనుక్కున్న నా బారోమీటరులో ఈ ఉదయం పాదరసం బాగా దిగిపోయింది, అంటే గాలివాన గుర్తే. పడవలు వేటకు పోకముందే తుఫాను జెండా ఎగరెయ్యమని రేవు కచేరీ గుమాస్తాగారిని బతిమాలాను.

“మద్రాసు నుంచి తంతి రాలేదండి. తంతి రాకుండా తుఫాను ఎలా వస్తుందండీ?” అన్నారాయన తాంబూలం నములుతూ.

ఒడ్డుకు పరుగెత్తి జాలర్లకు చెప్పాను. వాళ్ల పెద్ద పోలయ్య తూర్పుకేసి చూసి, “మీ గొట్టం సంగతి నాకు తెలీదు గానండి, ఆ మబ్బు మంచిది కాదండి,” అని పడవలన్నీ పైకి లాగించాడు.

మధ్యాహ్నం గాలివాన కచేరీ పైకప్పును ఎత్తుకుపోయింది. పడవలు మాత్రం దక్కాయి.

సాయంత్రం ఆకాశం తేటపడ్డాక తంతి వచ్చింది. గుమాస్తాగారు తడి పంచెతోనే జెండా ఎగరేసి, జాలర్లను వేటకు పోవద్దన్నారు. దించడానికి మరో తంతి రావాలట! మీ ఊళ్లోనూ వాన సర్కారువారి అనుమతి తీసుకునే కురుస్తుందా?