పియానో అడుగున దీపం

ఇవాళ ముసురులో ఆముదపు దీపం వాసన తగలగానే రాజమండ్రిలో మా ముందుగది గుర్తొచ్చింది. నాన్నగారు అక్కడ మన పిల్లలందరికీ పియానో నేర్పేవారు, గుర్తుందా? వానాకాలం చెమ్మకు తీగలు తుప్పు పట్టకుండా పియానో అడుగున చిన్న దీపం పెట్టేవారు.

ఆయన పెద్ద శిష్యుడు సుందరం పక్కవీధిలో సొంత పియానో బడి పెట్టగానే మీరంతా అటే పోయారు. దీపం సంగతి అతను పట్టించుకోలేదు. శ్రావణంలో మా గుమ్మంలోకొచ్చి, "తీగలు తుప్పు పట్టి శ్రుతి పోయిందండి మాస్టారూ, మీరొకసారి రావాలండి" అన్నాడు.

నాన్నగారు పనిముట్లతో పాటు మా దీపం కూడా తీసుకుని బయల్దేరారు.

"వెళ్ళకండి నాన్నగారూ!" అని ఏడ్చాను.

"అపశ్రుతిలో నేర్చుకుంటే పిల్లల చెవి పాడైపోతుందమ్మా" అన్నారు.

ఆ పిల్లలు మీరే. ఒక్కరైనా తిరిగొచ్చారా?