మేస్త్రీగారూ, ఇరవై జిల్లాల టేకు పలకా

తార్నాకలో మా ప్రహరీకి అవతలి ఇంట్లో ఉంటూ వచ్చిన మేస్త్రీగారు గత గురువారం ఉదయం కాలధర్మం చెందారు. ఆయన పెద్దకొడుకు చెప్పులు మా గేటు బయటే విడిచి లోపలికి వచ్చి, "బాపు పోయిండు సాబ్. మీకు ముందుగాల చెప్పమన్నడు" అని తెలియజేశాడు. తన మరణవార్త ఏ వరుసలో ఎవరికి అందాలో ముందే నిర్ణయించి పోయేటంత క్రమశిక్షణ మా కార్యాలయంలో కూడా నేను ఎరుగను. ఆ వరుసలో నాకు మొదటి స్థానం ఎందుకు దక్కిందో పాఠకులకు నివేదించడం నా విధి.

ఆయన విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో నలభై ఏళ్లు వడ్రంగం చేసి విరమించినవారు. నేను అదే విశ్వవిద్యాలయంలో ఒక విభాగానికి సూపరింటెండెంటును, గుంటూరు జిల్లావాడిని, నలభై ఏడేళ్లవాడిని. రక్తపోటు దృష్ట్యా కోపం తెప్పించని వ్యాపకం ఏదైనా చేపట్టమని వైద్యుడు సలహా ఇచ్చిన మీదట, కోఠీలో ఒక సన్నరంపం కొన్నాను. విల్లులాంటి ఇనుప చట్రం, దానికి బిగించడానికి నూలుపోగంత బ్లేడు. దానితో పలుచని చెక్కలో లతలు, పక్షులు సునాయాసంగా కోయవచ్చునని రంపంతోపాటు వచ్చిన చిన్న పుస్తకం హామీ ఇచ్చింది. మొదటి సాయంత్రం పన్నెండు బ్లేడ్లు విరిగాయి. పొట్లంలో ఉన్నవి పన్నెండే కనుక అక్కడితో ఆగింది.

పన్నెండోది విరిగాక ప్రహరీ అవతలి నుంచి ఒక గొంతు, పళ్లు ఏ దిక్కుకు ఉన్నాయని అడిగింది. నావి కాదు, బ్లేడువి. పైకి ఉన్నాయన్నాను. కిందికి ఉండాలట. మేస్త్రీగారి రెండు కళ్లలోనూ అప్పటికే శుక్లాలు ముదిరి ఉన్నాయి. ఆయన నా పనిని చూడలేదు, విన్నారు.

మరునాడే వచ్చి మా భోజనాల బల్ల అంచుకు, పక్షి నోరులా చీలిక కోసిన చిన్న పలక ఒకటి బిగించారు. ఆ చీలికలో బ్లేడు నిటారుగా పైకీ కిందికీ ఆడాలి. మలుపు వచ్చినప్పుడు తిరగవలసింది రంపం కాదు, చెక్క. "రంపం కోస్తది సాబ్. మీరు అడ్డం రాకుండ్రి, చాలు" అన్నారు. నా పాతికేళ్ల సర్వీసులో ఏ పై అధికారీ నా కర్తవ్యాన్ని ఇంత క్లుప్తంగా నిర్వచించలేదు.

బ్లేడుకు కొవ్వొత్తి ముక్క రుద్దడం, టీని సగం సాసరులో, సగం కప్పులోనే తాగడం, ఉప్పుకాగితం పట్టిన అంచును చెంపకు ఆనించి చూడడం ఆయన అలవాట్లు. వేళ్లు మొహమాటానికి అబద్ధం చెబుతాయి, చెంప చెప్పదని ఆయన నమ్మకం. నేను మొదట కోసిన పక్షిని చెంపకు ఆనించుకొని, ఇది ఏ జంతువని మర్యాదగా అడిగారు.

మా ఆవిడ తార్నాకలోనే ఒక బడిలో ఉపాధ్యాయురాలు. పిల్లలు రాష్ట్రాన్ని చేత్తో పట్టుకొని నేర్చుకునేటట్టు, జిల్లాకొక ముక్కగా చెక్కపటం ఒకటి కావాలని వాళ్ల ప్రధానోపాధ్యాయురాలు అడిగారు. నేను అంగీకరించాను. మేస్త్రీగారు అడుగున్నర టేకు పలక ఏరి తెచ్చారు. నేను దాని మీద ఇరవై జిల్లాలు గీశాను. సరిగ్గా ఆ తరువాతనే, ఆ ఇరవై జిల్లాలు కలిసి ఉండాలా, విడిపోవాలా అనే విషయం వీధిలో చర్చకు వచ్చింది.

ఈ అరవైతొమ్మిదో సంవత్సరపు ప్రత్యేక రాష్ట్ర ఆందోళన గురించి పాఠకులకు నేను చెప్పవలసింది లేదు. క్యాంపస్‌లో తరగతులు ఆగాయి. మా కార్యాలయం కాగితం మీద మాత్రం తెరిచే ఉండేది. మా సందులో రెండు ఆంధ్ర కుటుంబాలు రాత్రికి రాత్రి రైలెక్కాయి. మా ఆవిడ రెండు ట్రంకుపెట్టెలు సర్ది నడవలో పెట్టింది. మా మీద ఒక్క రాయి పడితే ఆ సాయంత్రపు బండికే ప్రయాణం అని తీర్మానమైంది. అది సెలవు మంజూరు కాని ప్రయాణం కనుక ఉద్యోగం, దానితోపాటు ఈ అద్దె ఇల్లు, ఇక్కడే మిగిలిపోతాయి.

ఆ వారంలోనే మేస్త్రీగారు బల్లను వెనుక గదిలోంచి వీధి వరండాలోకి మార్పించారు. "గాడ వెలుతురు మంచిగుంటది" అన్నారు. శుక్లాలున్న మనిషికి వెలుతురులో తేడా ఎలా తెలిసిందని నేను అడగలేదు. అడగకూడని ప్రశ్నలేవో తెలిసినవాడే సూపరింటెండెంటు అవుతాడు. క్యాంపస్ నుంచి ఊరేగింపులు దిగే సాయంత్రం నాలుగు గంటలకు ఆయన ఉతికిన చొక్కా తొడుక్కొని వచ్చి, కుర్చీని గేటు వైపు తిప్పుకొని కూర్చునేవారు. నా తప్పులను వెనక్కి తిరగకుండానే సరిదిద్దేవారు.

అంచున ఉన్న జిల్లాలు ముందు కోయాలి, నడిమివి చివరికి ఉంచాలి, లేకపోతే చెక్కకు బలం ఉండదని ఆయన పదేపదే చెప్పారు. ఒకరోజు ఆయన ఇంకా రాకముందే నేను కూర్చున్నాను. పెద్ద పనిని ముందు ముగించడం పరిపాలనకు సౌకర్యమని తలచి, అన్నిటికన్న పొడుగైన గీత ఎత్తుకున్నాను. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల నడుమ మొదలై, నల్లగొండ, గుంటూరుల దాకా రంపం సాఫీగా వచ్చింది. అప్పుడు సందు మలుపులో నినాదాలు వినిపించాయి. పలకను కింది నుంచి మోస్తున్న నా ఎడమచేయి, నా అనుమతి లేకుండా, కుర్చీ చేతిని పట్టుకుంది. పలక నారవెంట, ఇంచుమించు నేను గీసిన గీత మీదుగానే, ఖమ్మం దాకా విరిగి రెండయింది.

మెట్లెక్కుతున్న మేస్త్రీగారు ఆ చప్పుడు విని, "ఏడ?" అన్నారు. చెప్పాను.

"మంచి జాగ జూసి ఇరగ్గొట్టిండ్రు."

ఆయన కుర్చీలో కూర్చున్నారో లేదో గేటు తెరుచుకుంది. నలుగురు విద్యార్థులు. ముందున్న పొడుగాటి అతను, ఇది ఆంధ్రావాళ్ల ఇల్లా అని అడిగాడు.

"ఇల్లు వారాసిగూడ సేటుది. పని నాది. మీ పనేందో చెప్పుండ్రి" అన్నారు మేస్త్రీగారు.

పొడుగాటి అతను బల్ల మీదికి వంగి, విడిపోయి ఉన్న రెండు ముక్కలనూ చాలాసేపు చూశాడు. లోపల నడవలో మా ఆవిడ ట్రంకుపెట్టె పిడి పట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది.

"ఎవరు చేసిండ్రు గిది?"

సంబంధిత ఫైలు చూడకుండా నేను ఏ ప్రశ్నకూ జవాబు ఇచ్చినవాణ్ని కాను. "నేనే. మాది గుంటూరు జిల్లా" అన్నాను.

అతను మిగతావాళ్ల వైపు తిరిగి, "చూసిండ్రా, గుంటూరు సారే అలగ్ జేసి పెట్టిండు" అన్నాడు. ఇద్దరు నవ్వారు. నాలుగోవాడు నవ్వలేదు. ఇయ్యాల కోసినోడు రేపు అతికిస్తడు, మన ముక్క మనం తీస్కపోదాం అంటూ పై ముక్క మీద చేయి వేశాడు. మేస్త్రీగారు కూడా చేయి చాచారు. అది పలకకు కాక ఆ కుర్రవాడి మణికట్టుకు తగిలింది. ఆయన చేయి తీయలేదు.

"పూర్తిగాని పని నా చేతులకెల్లి బయటికి పోదు, బిడ్డా. నలభై ఏండ్లల ఒక్కటి పోలే. అయినంక రా, జిల్లాకు జిల్లా తీస్కపో."

"ఎప్పుడయితది?"

"గీ సార్ చేతివాటం జూస్తే, మీ రాష్ట్రమే ముందొచ్చేటట్టున్నది."

నాలుగోవాడు కూడా నవ్వాడు. పోతూ గేటు వేసి మరీ పోయారు.

పలక విషయంలో మాత్రం సంకటం మిగిలింది. సరేసు జిగురుతో అతికిస్తే ఒక అభిప్రాయం వెల్లడించినట్టు, అలాగే వదిలేస్తే మరొకటి. ప్రస్తుత పరిస్థితులలో పటం అవసరం లేదని ప్రధానోపాధ్యాయురాలు చీటీ పంపారు. మేస్త్రీగారు తేల్చేశారు: "అన్ని జిల్లాలు కోయుండ్రి. కోసినంక ఏ కోత ముందటిదో ఎవనికెరుక?" మేము ఉండిపోయాము. వానాకాలమంతా కోశాను. గోడల మీది నినాదాలు వానకు సగం చెరిగాయి. మా ఆవిడ పెట్టెల్లోంచి ముందు గిన్నెలు, తరువాత బడి పుస్తకాలు, చివరికి దుప్పట్లు తీసింది.

కార్తీకంలో చిట్టచివరి జిల్లా ముగిసేనాటికి మేస్త్రీగారు మంచం పట్టారు. ఇరవై ముక్కలను పళ్లెంలో పోసి తీసుకుపోయాను. మంచం మీద పీట వేసి, ఆయన తడిమి తడిమి ఒక్కొక్కటే పేర్చారు. ముక్కలన్నీ కొంచెం కొంచెం కదులుతున్నాయి. నా కోత వంకరని ఒప్పుకున్నాను. అది కాదన్నారు. "రంపం తన తిండి తాను తింటది సాబ్. కోసిన కాడల్ల సందు ఉంటది. ఇరిగిన కాడ ఉండది." ఇది వడ్రంగానికి సంబంధించిన మాట మాత్రమేననీ, ఇందులో రాజకీయమేమీ లేదనీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

ఆయన బొటనవేలు మహబూబ్‌నగర్ దగ్గర మొదలై ఏటివెంట నడిచింది. నల్లగొండ, గుంటూరుల నడుమ ఆగింది. "గీడి దాక మీరు కోసిండ్రు" అన్నారు. అక్కడి నుంచి, పలక విరిగిన చోటు వెంట, ఖమ్మం వైపు వేలు మెల్లగా సాగి, వెనక్కి వచ్చి, మళ్లీ సాగింది. కళ్లు మూసుకొని, పెదవి కొంచెం బిగించి, ఆయన ఆ నున్నటి టేకు మీద అతుకు కోసం వెతుకుతూనే ఉన్నారు.