జాబితాలో లేని చెయ్యి

పోయిన నెల ఒక పొద్దున బస్సులో ఉండగా ఫోనొచ్చింది. సముద్రం ఒడ్డున మేం సర్వే చేసే పాలెంలో ఆశా కార్యకర్తగా పనిచేసే, నేను అక్కా అని పిలిచే ఆమె చనిపోయిందని. ముందురోజు సాయంత్రం కుళాయి దగ్గర తల పట్టుకుని కూర్చుందట, మళ్ళీ లేవలేదు. మెదడులో నరం చిట్లిందన్నారట నెల్లూరు ఆస్పత్రిలో. నాకు ఏడుపు కంటే ముందు సిగ్గొచ్చింది. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నాది కోవూరు పక్కన పల్లె. ఒక వైద్య పరిశోధన కోసం ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఉద్యోగం. ఎవరికి చావు ముప్పు ఎక్కువ, ఏ గుర్తులు దాన్ని ముందే పట్టిస్తాయి అన్నది తేల్చడం ఆ పరిశోధన పని. బీపీ, షుగరు, నడుము కొలత, పొగాకు, ఉప్పు, అమ్మానాన్నలు ఏ వయసులో పోయారు, ఇవన్నీ ఫారంలో ఉంటాయి. చీటీలు తీసి ఎంచిన ఇళ్ళకే వెళ్ళాలి. అక్క వాళ్ళ ఇల్లు చీటీల్లో రాలేదు.

ఇళ్ళు చూపించడానికి నాతో వచ్చిన మొదటి రోజే ఆమె నా జాబితా లాక్కుని, ఒడ్డు వైపు ఒకసారి చూసి, ఇళ్ళ వరస మొత్తం మార్చేసింది.

"ఆ ఇంటి పడవ ఇంకా రాలా. మొగోడు సముద్రం మీద ఉండంగా మీ నాయన ఎప్పుడు పోయినాడు, మీ అమ్మ ఎట్ట పోయిందని అడిగితే చీపురు తిరగేస్తారు నీకు" అంది.

అప్పట్నుంచి ఏ పడవ ఒడ్డుకు చేరితే ఆ ఇంటికి మా ప్రయాణం. మధ్యాహ్నం ఆమె క్యారియర్‌లోని చేపల పులుసు సగం నా అన్నంలోకే వచ్చేది. నేను ముళ్ళతో తంటాలు పడుతుంటే నవ్వేది. "ముల్లు తీసుకోను రాదు, మనుషుల ప్రాణాలు లెక్కేస్తావంట!"

జనం మా బీపీ మిషనుకు భయపడేవాళ్ళు. ఒక ముసలావిడైతే అది నెత్తురు లాగేస్తుందని తలుపేసుకుంది. అక్క ఆ గడప ముందే చతికిలబడి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, "ముందు నాకు కట్టు పాపా" అంది. పట్టీ బిగుసుకుంటుంటే తలుపు సందులోంచి చూస్తున్న ఆవిడతో, "చూడు పెద్దమ్మా, ఇది కుట్టదు, కరవదు. కాసేపు చెయ్యి గట్టిగా పట్టుకోని వదిలేస్తది. మీ ఆయన కంటే నయం" అంది. ముసలావిడ నవ్వు ఆపుకోలేక తలుపు తీసింది.

అదే మాకు అలవాటైపోయింది. ఏ ఇంటికెళ్ళినా ముందు అక్క చెయ్యి, తర్వాత ఆ ఇంటివాళ్ళ చెయ్యి. అలా ఏడాదిన్నర. ఆ పాలెంలో ఆమె చేతికి కట్టినన్ని సార్లు నేను ఎవరికీ పట్టీ కట్టలేదు. అయితే మాకొక నియమం ఉంది. ఊరికే చూపించడానికి తీసిన అంకె అసలు వివరాల్లో కలవకూడదు, వెంటనే చెరిపేయాలి. నేను చెరిపేస్తూ వచ్చాను.

అంకె కనపడలేదంటే అబద్ధం. మొదటిసారి నూట డెబ్బై దాటి చూపించినప్పుడు నా కళ్ళతో చూశాను. ఎండలో నడిచొచ్చింది, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి తీయలేదు కాబట్టి ఇది సరైన అంకె కాదనుకున్నాను. తర్వాత కూడా చాలాసార్లు అంతే వచ్చింది. ఆ సమయానికి నా ధ్యాసంతా ఎదుటివాళ్ళ మొహం మీదే ఉండేది, భయం పోయిందా లేదా అని. ఇతరులకు అంతకంటే తక్కువ వచ్చినా చీటీ రాసిచ్చేదాన్ని. ఆ చీటీ పట్టుకుని వాళ్ళను ఆస్పత్రికి తోలేది అక్కే. పడవ చాటున నక్కిన ఒకాయన్ని చెవి పట్టుకుని ఆటో ఎక్కించింది.

ఒక్కసారి అడిగింది కూడా. "నాదెంతుండాది పాపా?" అప్పటికే చెరిపేశాను. "నీకేందక్కా, గుండ్రాయిలా ఉండావు" అన్నాను. నిజమేనని నమ్మి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మొహం నేనే అద్దంలో చూసుకోలేకపోతున్నాను.

ఆ ఫోనొచ్చిన రోజే మా సూపర్‌వైజరు ఒక మాట చెప్పాడు. "ఆమె మన జాబితాలో మనిషి కాదు. వాళ్ళింట్లో ఏం మాట్లాడొద్దు." నేను సరేనన్నాను.

పెద్దకర్మ అయ్యాక, పని మీదే పాలెం వెళ్ళినప్పుడు వాళ్ళింటి ముందు ఆగాను. వసారాలో అక్క వాళ్ళాయన, పక్కన ఆయన తల్లి కూర్చుని ఉన్నారు. కూర్చోమని చాప జరిపాడు.

"మూణ్ణెల్ల నుంచి తలనొప్పి అంటానే ఉండె. ఆస్పత్రికి పోదాం రమ్మంటే వినలా. 'పాప దినామూ చూస్తానే ఉండాది, ఏమన్నా ఉంటే చెప్పదా' అనింది" అన్నాడు. "కడాకి మిషను ఎంత చూపించింది పాపా?"

గుర్తులేదంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"ఎక్కువే ఉండె అన్నా. చానాసార్లు ఎక్కువే ఉండె. చూసి కూడా నేను చెప్పలా."

తిడతాడని తలొంచుకుని కూర్చున్నాను. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేదాన్నేమో. ఆయన నా భుజాన ఉన్న మిషను సంచీ వైపు చూశాడు. తర్వాత తల్లి చెయ్యి పట్టి నా ముందుకు చాపాడు.

"మాయమ్మకు కట్టు. ఎంతుండాదో బయటికి చెప్పు."

కట్టాను. పట్టీ రెండుసార్లు జారితే మళ్ళీ బిగించాను. మిషను గుయ్యిమని మొదలుపెట్టగానే ఆయన మోకాళ్ళ మీద ముందుకు జరిగి, నాకూ దానికీ మధ్య తల వంచి, పెరుగుతున్న అంకెలను తనే చూస్తూ కూర్చున్నాడు.