నీటికుక్కల రేవులో నేను ఏరక విడిచినవి

ఇరువదియేండ్లకు పైగా ఒక మాటను మోస్తున్నాను. ఇంటిలో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. ముఖమెరుగని మీకు చెప్పుట సులువని కాదు. ఎవరికీ చెప్పకుండానే పోతానేమోనన్న భయము చేత చెప్పుతున్నాను.

తొంభైల నడుమ నేను పుంగనూరులో తెలుగు పండితుడను. నీటికుక్కలు మంచినీటి చెరువులలో ఏమి తిని బ్రతుకుతవో పరిశోధించుటకు వచ్చిన యువకుడొకడు మా యింటి ముందుగదిలో బస చేసినాడు. ఒడ్డున దొరికే వాటి మలమును జల్లెడలో కడిగి, మిగిలిన పొలుసులను, ఎముకలను, ఎండ్రకాయ చిప్పలను వేరుచేసి, ఏది ఎంత తిన్నవో తేల్చుట అతని పని. కామెర్లతో అతడు మంచము పట్టగా, రెండు నెలలు ఆ సేకరణ నేను చేస్తానన్నాను.

ఆ ఉదయాలు! చౌడేపల్లె దారిలోని చెరువుకు సైకిలు మీద పోయేవాడను. మంచు విడువని నీటిపై మూడు తలలు తేలేవి. ఈలల వంటి పిలుపులు. తల్లి వెల్లకిల తేలుతూ పిల్లతో ఆడుకొనేది. అంతటి ఆనందమును నేను చదివిన కావ్యములలో కూడ అరుదుగా ఎరిగితిని. చెరువు కావలి మునెప్ప నాకు మలము దొరికే తావులు చూపేవాడు.

మలము రెండు తీరులు. ఎండ్రకాయ తిన్నది తెల్లగా, పొడిగా, సున్నపు పెళ్లవలె విరిగేది. చేప తిన్నది నల్లగా, జిగటగా, ముక్కు పగిలే నీచువాసనతో ఉండేది. స్నానసంధ్యలు ముగించుకొని వచ్చిన శాకాహారిని. నల్లదానిని నా చేయి అంటలేదు. తెల్లవే ఏరి పొట్లాలు కట్టినాను.

మునెప్ప నవ్వేవాడు. "అయివారా, నీటికుక్కకు గూడా మడి కట్టిస్తిరే! నల్లవాట్ల జోలికి పోరేమి? శాపలంతా దాంట్లోనే ఉండాయి."

"ఇవి చాలులే అప్పా" అన్నాను.

యువకుడు నా పొట్లాలను నమ్మినాడు. ఆ చెరువు నీటికుక్కలు ఎండ్రకాయలనే ముఖ్యముగా తింటవని నివేదిక వ్రాసినాడు. అదే ఏడు, చెరువును గుత్తకు తీసుకున్నవారు వదిలిన చేపలు చాలమట్టుకు మాయమైనవి. నీటికుక్కలు తిన్నవని మునెప్ప. నీవే అమ్ముకున్నావని వారు. ఆంగ్లములోని నివేదికను తెలుగు చేసి వినిపించుమని అధికారులు నన్ను మదనపల్లెలో విచారణకు పిలిచినారు. చదివినాను. ఎంత చక్కని తెలుగు చేసితినని లోలోపల గర్వించినాను కూడ.

మునెప్ప లేచి నిలుచున్నాడు. "నల్లవి యేరలేదని సెప్పండి అయివారా."

ఒక్క మాట. చెప్పి ఉంటే? పండితుడు అసహ్యించుకొని పని చెడగొట్టినాడని నలుగురు నవ్వుదురు. ఆ యువకుని శ్రమ వ్యర్థమగును. నిజముగా అతని కొరకేనా ఆలోచించినది? కాదు. నా పరువు కొరకే.

"కనబడినవన్నీ ఏరినాను" అన్నాను.

కావలి పని పోయినది. దొంగ అన్న పేరు మిగిలినది. మునెప్ప భార్యాబిడ్డలతో కుప్పము వైపు రాతిక్వారీకి వలసపోయినాడు.

రెండువేల సంవత్సరము దాటిన పిదప కుప్పము బస్టాండులో అతనిని చూచినాను. కనుబొమలు రాతిదుమ్ముతో తెల్లబడి ఉన్నవి. "బాగుండారా అయివారా? మన చెరువులో నీటికుక్కలు ఇంకా ఉండాయా?" అని అడిగినాడు. తిట్టి ఉంటే నాకు మేలయ్యేది. ఉన్నవన్నాను. నా బస్సు వచ్చినది, ఎక్కినాను. మరల అతనిని వెదకుకొని పోలేదు. ఇప్పుడెక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు.

మన్నించుమని మిమ్ములను కోరను. మన్నించవలసినవారు మీరు కారు. మునెప్ప ఆనాడు చెప్పినది నిజము. అబద్ధమాడినది నేను. ఈ రెండు వాక్యములు వ్రాయుటకు ఇన్నేండ్లు పట్టినది. వ్రాసినాను.