సువార్త గీసిన అమ్మ బొమ్మ

సుజి పోయాక కూతురు సువార్త దగ్గర ఆమె ఫొటో ఒక్కటే మిగిలింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసినప్పటి గుర్తింపు కార్డు మీదిది, తపాలా బిళ్ళంత ఉంటుంది. కుడి చెంప మీద ఆఫీసు ముద్ర తాలూకు నీలం సిరా. రెండువేల ఆరులో అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరుగా చేరిన సువార్త, ఆ ఫొటోని స్కాన్ చేసి పెద్దది చేసింది. ముఖం రాలేదు, చుక్కలు వచ్చాయి. దాంతో మౌసుతో తనే అమ్మని గీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళే గంట ఆమెది.

బొమ్మ పూర్తయ్యాక ఎవరికి చూపించాలో తెలియలేదు. తండ్రి జాకబ్‌కి చూపు సరిగా ఆనదు. షాపు ఓనరు అప్పలరమణకి పుట్టినరోజు బ్యానర్లు తప్ప ఇంకేవీ పట్టవు. రైల్వేస్టేషన్ దారిలో ఓ రేకుల షెడ్డులో సన్యాసిరావు, పోతురాజు అని ఇద్దరు పెయింటర్లు ఉండేవారు. ఒకప్పుడు ఊళ్ళో సినిమా బ్యానర్లూ షాపుల బోర్డులూ వాళ్ళు రాసినవే. ఫ్లెక్సీ వచ్చి అవన్నీ తుడిచిపెట్టేసింది. చనిపోయినవాళ్ళ ఫొటోలు చూసి రంగుల్లో పెద్ద పటాలు గీసే పని ఒక్కటే వాళ్ళకి మిగిలింది. సువార్త ప్రింటు చుట్టి పట్టుకుని అక్కడికి వెళ్ళింది.

"ఫ్లెక్సీ షాపు పిల్లకి మనకాడేటి పని?" అన్నాడు పోతురాజు.

సన్యాసిరావు ప్రింటు అందుకుని వెలుతురులోకి తిప్పాడు.

"ఒక కన్ను గీసి, దాన్నే తిరగేసి రెండోపక్క అంటించేవు కదూ?"

సువార్త తల దించుకుంది. "అవును బాబాయ్."

"మనిషికి రెండు కళ్ళూ ఒక్కలాగుండవమ్మా. మరి నీడకి నలుపేసేవేటి? నీడలో సర్మం నల్లబడదు, ఎర్రబడతాది. వెలుతురెటునుంచి వత్తందో ముందు నువ్వు తేల్సుకో."

"జుట్టు టోపీ ఎట్టినట్టుంది," అన్నాడు పోతురాజు.

అన్నీ ప్రింటు వెనకే రాసుకుని వెళ్ళింది. వారం తర్వాత రెండోది తెచ్చింది, ఆ తర్వాత మూడోది. సన్యాసిరావు ఓసారి సత్తు పళ్ళెంలో ఎరుపూ ఆకుపచ్చా కలిపి, మెడ కింద ఎలాంటి రంగు ఉంటుందో చూపించాడు. ఆ రంగు కోసం ఆమె కంప్యూటర్లో రెండు మధ్యాహ్నాలు వెతికింది. పోతురాజు కూడా ఆమె రాకపోతే "పిల్ల రాలేదేటి?" అని అడిగేవాడు.

నాలుగో ప్రింటు చూసి సన్యాసిరావు, "మీయమ్మ నిన్నెప్పుడూ తిట్టనేదా?" అన్నాడు.

"తిట్టకేం? రోజూ తిట్టేది."

"ఈవిడ తిట్టేదాన్లాగ నేదు. కేలండర్లో మనిషిలాగుంది."

సువార్తకి కోపం వచ్చింది. ఇంటి దాకా ఏడుస్తూనే నడిచింది. కానీ మర్నాడు పాత ముఖం చెరిపేసింది. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఏదో ఒకటి అనబోయే అమ్మ పెదవి గీసింది. కనుబొమల మధ్య గీత వేసింది. ఆ ప్రింటుని జాకబ్ ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసి, "అన్నం తిన్నావా అని గదమాయిత్తన్నట్టుంది," అన్నాడు.

ఆ బొమ్మ షాపు కంప్యూటర్లోనే ఉండిపోయింది. ఒకరోజు సువార్త వచ్చేసరికి అమ్మ ముఖం నాలుగడుగుల ఎత్తున షాపు ముందు వేలాడుతోంది. కింద అక్షరాలు: మీ పెద్దల ఫొటోలు పెయింటింగులా చేయబడును, ఒక్కరోజులో.

"తీసెయ్యండి సార్. ఆవిడ మా అమ్మ."

"మీ అమ్మకి మంచి పేరే కదా? ఇంత పని వచ్చి కూడా ఇన్నాళ్ళూ సెప్పలేదేటి నాకు?" అని అప్పలరమణ నవ్వాడు.

ఎలమంచిలి నుంచీ పూడిమడక నుంచీ ఫొటోలు రావడం మొదలైంది. ఆమెకి భోజనాల గంట కూడా మిగల్లేదు. షెడ్డు వైపు వెళ్ళి రెండు నెలలైంది.

ఒకనాడు ఎస్. రాయవరం నుంచి సత్తియ్య అనే రైతు తన తండ్రి ఫొటో తెచ్చాడు. దాని మీద అడ్డంగా నిలువుగా సన్నటి పెన్సిలు గళ్ళు గీసి ఉన్నాయి. పటం గీసేముందు కొలతకోసం పెయింటర్లు గీసుకునే గళ్ళవి.

"ఇది ఎవరికైనా ఇచ్చేరా?"

"స్టేసన్ కాడ ముసలాయనకిచ్చేనమ్మా. నెల పడతాదన్నాడు. మీరు రేపే ఇచ్చేత్తారంట కదా, ఎల్లి ఎనక్కి తెచ్చేసేను."

గళ్ళు చెరిపి, ముఖం గీసి, సువార్త ఆ పని పూర్తిచేసింది. నీడలు ఎర్రగా వేసింది. సాయంత్రం దాని ప్రింటు ఒకటి పట్టుకుని షెడ్డుకి వెళ్ళింది.

పోతురాజు లేచి నిలబడ్డాడు. "మాకాడ నేర్సుకుని మా నోటికాడిది లాగేసేవు. ఇంకేటి కావాలి నీకు?"

"ఆ బోర్డు నేను పెట్టలేదు బాబాయ్. నాకు చెప్పకుండా..."

"గీత్తన్నది నువ్వే కదా?"

సువార్త చేతిలోని ప్రింటు విప్పింది. సన్యాసిరావు ప్రింటు అందుకుని ఒక్క క్షణం చూసి తిరిగి ఇచ్చేశాడు. బొమ్మలో సత్తియ్య తండ్రి ఎడమ చెవి దవడ మీదికి జారిందని సువార్తకి తెలుసు. కావాలనే దిద్దకుండా తెచ్చింది, సన్యాసిరావు తిడతాడన్న ఆశతో.

"బాగుందమ్మా," అన్నాడు సన్యాసిరావు. కుంచెలు కడుక్కోవడానికి అటు తిరిగాడు.

మర్నాడు ఆమె అప్పలరమణతో, పటాల పని చెయ్యనంది. "నువ్వు మానేత్తే ఇంకొకర్ని పెట్టుకుంటాను," అన్నాడతను తేలిగ్గా. జాకబ్ కంటి ఆపరేషను ఉంది. సువార్త మానలేదు.

ఆ ఎండాకాలం పోతురాజు గాజువాకలో అపార్టుమెంట్లకి సున్నాలు వెయ్యడానికి వెళ్ళిపోయాడు. సన్యాసిరావు బెల్లం మార్కెట్లో లారీల మీద నంబర్లు రాస్తున్నాడని ఎవరో చెప్పారు. కొన్నాళ్ళకి అదీ మానేశాడట.

వచ్చినవాళ్ళందరూ ముఖం తెల్లగా చెయ్యమంటారు, ముడతలు తీసెయ్యమంటారు. ఆమె చేస్తుంది. త్వరగా అవుతుందని ఒక కన్ను గీసి రెండోపక్కకి తిప్పి అంటిస్తుంది. బొమ్మ ఇచ్చేటప్పుడు మాత్రం, "ఏమైనా తేడా ఉందా, చెప్పండి," అని ప్రతివారినీ అడుగుతుంది.

"శానా బాగుంది తల్లీ," అంటారు. చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతారు.