అన్నిటికీ ‘హా’ అనే మనిషి

కామాటిపురలో మా అద్దె గదుల చాల్ పైఅంతస్తులో ఉండే ఆమె, పాలమూరు కూలీల పిల్లలకు తన కంప్యూటర్లో దరఖాస్తులు నింపిపెట్టేది. తెరమీద ఏ పెట్టె తెరుచుకుని ఏమడిగినా “హా బాబా, హా” అని ఒప్పేసుకుంటూ నొక్కేసేది.

“అన్నిటికీ హా అంటవేంది బిడ్డా?” అన్నాను.

“అడిగినంక జవాబియ్యాలె గద మామా!”

ఒకసారి ఆ కంప్యూటర్ మొండికేసింది. ఏది వెతికినా ఇంకేదో పేజీకి లాక్కుపోయేది. ఆ వైరస్‌ను మెడబట్టి గెంటేశానని ఫాక్‌లాండ్ రోడ్డు దాకా చెప్పుకున్నాను. నిజానికి, ఆపి మళ్లీ ఆన్ చేశానంతే.

నా మాట నమ్మి ఆమె మర్నాడే కూతురి నర్సింగ్ దరఖాస్తు నింపింది. అది కాలేజీ పేజీ కాదు, అచ్చం అలాగే ఉన్న దొంగ పేజీ. హాల్ టికెట్ రాకపోయేసరికి ఆ సంగతి తెలిసింది. అప్పటికి గడువు దాటింది. ఆ పిల్ల ఇప్పుడు నాగ్‌పాడాలో బ్యాగులు కుడుతోంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆమె లేనప్పుడు పాత పాటల కోసం ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కించింది నేనే. కంప్యూటర్ తిక్క మొదలైంది ఆ రోజునుంచే.

“దీంట్ల నువ్వేమన్న ఎక్కించినవా మామా?” అని ఆమె ఒక్కసారే అడిగింది.

అడిగినంక జవాబివ్వాలి కదా. లేదన్నాను.